గ్యాస్ షాకబ్జర్లు వేయించినా బండి వెనుక భాగం ఎగురుతూనే ఉంది

దేవరకొండ వాసి:
ఉదయం పది గంటలకు పని మొదలుపెట్టాము, ఇప్పుడు సాయంత్రం ఆరయింది. వెనుక రెండు షాకబ్జర్లూ తీసి కొత్తగా గ్యాస్‌వి వేయించాను. ధర ఎక్కువైనా డిండి రోడ్డు మీద నడుము నిలుస్తుందని ఆశపడ్డాను. ఇప్పుడు పాతవే నయమనిపిస్తోంది. చిన్న గుంత తగిలినా వెనుక భాగం లేచి దబ్బున పడుతోంది. రెండుసార్లు విప్పి మళ్లీ బిగించాము, నట్లన్నీ గట్టిగానే ఉన్నాయి. నకిలీ సరుకా? గ్యాస్ పోయిందా? ఎలా తెలుస్తుంది?

జడ్చర్ల లారీ:
ఏ బండి?

మిర్యాలగూడ టైర్లు:
షాకబ్జర్లు విప్పే ముందు గాలి చూసుకోవాలి. ఎవరూ చూడరు, అదే నా బాధ. టైరు కూడా ఒక స్ప్రింగే. గాలి ఎక్కువైతే బంతిలా ఎగురుతుంది. ఎండలో నలభై కిలోమీటర్లు నడిపి వచ్చి కొలిస్తే లెక్క తప్పుతుంది, బండి చల్లారాకే కొలవాలి. వీలైతే నైట్రోజన్ నింపించండి.

భౌతికశాస్త్రం మాస్టారు, నల్లగొండ:
ముందు పేరు సరిచేసుకుందాం. కుదుపును మింగేది స్ప్రింగు. మింగిన శక్తిని మళ్లీ బయటికి తోస్తుంది కాబట్టే బండి ఊగుతూ ఉంటుంది. ఆ ఊపును వేడిగా మార్చి అణిచేది మీరు షాకబ్జరు అంటున్న వస్తువు. దానికి సరైన పేరు డ్యాంపర్.

‘గ్యాస్ షాకబ్జరు’ అన్న మాట ఇంకా తప్పుదారి పట్టిస్తుంది. అందులోనూ పని చేసేది నూనే. పిస్టన్‌లోని సన్నని రంధ్రాల గుండా నూనె దూరడానికి పడే కష్టమే చక్రాన్ని అదుపులో పెడుతుంది. మామూలు రెండు గొట్టాల రకంలో బయటి గొట్టం పైభాగాన గాలి ఉంటుంది. గతుకుల మీద పిస్టన్ వేగంగా ఆడితే ఆ గాలి నూనెలో కలిసి నురగ కడుతుంది. పిస్టన్ వెనుక ఒత్తిడి పడిపోయిన చోట బుడగలు కూడా పుడతాయి. నురగ ఆ రంధ్రాల్లోంచి సులువుగా జారిపోతుంది, ఇక అడ్డేముంటుంది? గోలీసోడాలో గోలీ బిగిసి ఉన్నంతసేపు బుడగ కనిపించదు, లోపలికి నొక్కగానే పొంగుతుంది. గ్యాస్ రకంలో ఒత్తిడితో నింపిన నైట్రోజన్ ఆ బిగింపులాగా నూనెను పొంగనీయదు. పైగా అందులో ఆక్సిజన్ లేదు కాబట్టి నూనె త్వరగా చెడదు.

ఫ్రెంచ్ ఇంజనీరు క్రిస్టియన్ బూర్సియే ద కార్బన్ 1950లలో ఒకే గొట్టంలో నూనెకూ గ్యాస్‌కూ మధ్య తేలే పిస్టన్ పెట్టి రెండూ కలవకుండా చేశారు. 1957లో జర్మన్ కంపెనీ బిల్‌స్టెయిన్ ఆ రకాన్ని మెర్సిడెస్ కార్లకు తయారుచేసింది.

పాత వర్క్‌షాప్, మహబూబ్‌నగర్:
మాస్టారూ, చదువు చక్కగా చెప్పారు. కానీ దుకాణంలో షాకబ్జరు అని అడిగితేనే ఇస్తారు, ఆ మాటనే ఉండనివ్వండి.

తమ్ముడూ, విప్పినప్పుడు కడ్డీని లోపలికి నొక్కి వదిలి చూడాల్సింది. గ్యాస్ ఉంటే తనంతట తానే మెల్లగా పైకి వస్తుంది. ఉత్త నూనెదైతే నొక్కినచోటే ఆగిపోతుంది. ఇంకొక పరీక్ష: గతుకుల దారిలో పది కిలోమీటర్లు నడిపి రెండింటినీ చేత్తో తాకు. రెండూ ఒకేలా వెచ్చగా ఉండాలి. చల్లగా ఉన్నది పని చేయడం లేదన్నమాట. బండి ఖాళీగా ఉన్నప్పుడు ఎగురుతోందా, లోడుతోనా? అది చెప్పనే లేదు.

దేవరకొండ వాసి:
కడ్డీ పైకి వచ్చింది, చూశాను. చిన్న గూడ్స్ బండి, బత్తాయిలు హైదరాబాద్‌కు తోలుతాను. లోడుతో బాగానే ఉంది, ఖాళీగా తిరిగి వచ్చేటప్పుడే ఈ బాధ. పోయిన నెల కమానులో, అంటే వెనుక ఉండే ఇనుప పట్టీల స్ప్రింగులో, ఒక పట్టీ అదనంగా వేయించాను. గ్యాస్‌వి బరువు కూడా మోస్తాయంటారు కదా?

జడ్చర్ల లారీ:
పట్టీ తీయించండి.

భౌతికశాస్త్రం మాస్టారు, నల్లగొండ:
మోయవు. లోపల చదరపు సెంటీమీటరుకు 10 కిలోల ఒత్తిడి ఉందనుకోండి. 12 మి.మీ. కడ్డీ అడ్డుకోత సుమారు 1.13 చదరపు సెంటీమీటర్లు. అంటే పైకి నెట్టే బలం దాదాపు 11 కిలోలు, ఒక బుట్ట బత్తాయిల బరువు కూడా కాదు. బరువు మోయాల్సింది కమానే.

పాత వర్క్‌షాప్, మహబూబ్‌నగర్:
ఆ పట్టీ మాట ముందే చెప్పి ఉంటే నీకు ఒక రోజు మిగిలేది. అదనపు పట్టీతో కమాను బిగుసుకుపోయింది, ఖాళీ బండి వెనుక భాగం పైకి లేచి నిలబడుతుంది. అప్పుడు షాకబ్జరు దాదాపు చివరిదాకా సాగే ఉంటుంది. చక్రం గుంతలోకి దిగగానే ఇక సాగే చోటులేక లోపల కొట్టుకుంటుంది. ఆ దబ్బు అదే. ఖాళీ బండి నేల మీద ఉండగా కింది బోల్టు నుంచి పై బోల్టు దాకా కొలువు. తర్వాత విప్పి, పూర్తిగా సాగనిచ్చి కొలువు. తేడా బాగా తక్కువైతే గ్యాస్‌ది గానీ అమ్మినవాడిది గానీ తప్పు లేదు.

మిర్యాలగూడ టైర్లు:
లోడుకు పెట్టిన గాలితోనే ఖాళీగా నడుపుతున్నారు కదూ? అందుకే నైట్రోజన్ అన్నాను.

భౌతికశాస్త్రం మాస్టారు, నల్లగొండ:
మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. ఒత్తిడి ఎక్కువైతే ఏది నింపినా టైరు ఎగురుతుంది.

మిర్యాలగూడ టైర్లు:
మామూలు గాలిలోని తేమ సంగతి మరిచారు మాస్టారూ. మా దగ్గర గాలి కొట్టే ట్యాంకు అడుగున రోజూ నీళ్లు వదులుతాం.

దేవరకొండ వాసి:
కొలిచాను. వేలెడు తేడా కూడా లేదు. రేపు పట్టీ తీయించి చూస్తాను. ధన్యవాదాలు.

మిర్యాలగూడ టైర్లు:
గాలి ఎంత ఉందో చెప్పలేదు మీరు.