డ్రంక్ అండ్ డ్రైవ్‌లో దొరికినవాళ్ల వీడియోలు చూసి నవ్వుకోవడం తప్పా?

కాలనీ_అడ్మిన్:
శనివారం రాత్రి తనిఖీల్లో పట్టుబడ్డవాళ్ల వీడియోలు తెల్లారేసరికి మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఉంటున్నాయి. తూలుతూ పోలీసులతో వాదించేవాడు, చున్నీతో మొహం కప్పుకుని ఏడ్చే అమ్మాయి. కింద నవ్వే బొమ్మలు, "తగిన శాస్తి" అని కామెంట్లు. తాగి బండి నడిపితే ఎవరి ప్రాణమైనా పోవచ్చు, దొరికితే సంతోషించడంలో తప్పేముంది అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. కానీ ఏది సబబో, ఏది కాదో విడదీసి చెప్పలేకపోతున్నాను.

తర్కం:
ఇందులో రెండు సంతోషాలు కలిసిపోయాయండీ. ప్రమాదం తప్పిందన్నది ఒకటి, నలుగురిలో ఒకడి పరువు పోతుంటే కలిగేది ఇంకొకటి. అదే మనిషిని కెమెరా లేకుండా ఆపి, బండి పక్కన పెట్టించి, కోర్టుకు పంపారని వింటే ఇంతే సంతోషం ఉంటుందా అని అడిగి చూడండి. ఉంటే అది మొదటిది. చప్పబడిపోతే, ఆనందం అతని ఏడుపులోనే ఉంది.

తొడలు విరిగి పడ్డ దుర్యోధనుడి తలను భీముడు కాలితో తన్నితే ధర్మరాజు వారించాడు. దుర్యోధనుడు నిర్దోషి అని కాదు, పడ్డవాణ్ణి అవమానించడం ధర్మం కాదని. గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ ఇంకా కఠినం: ఎదుటివాడి చెడుకు సంబరపడటానికి సరైన మోతాదు అంటూ లేదు, దొంగతనంలాగే అది మొత్తంగా చెడ్డదే అన్నాడు.

సెక్షన్185:
శాస్తి ఎంతో మోటారు వాహనాల చట్టం 185వ సెక్షనే రాసింది. వంద మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే మొదటిసారి ఆరు నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. రెండోసారి అయితే రెండేళ్ల దాకా జైలు, లేదా 15,000 జరిమానా, లేదా రెండూ. యూట్యూబ్‌లో మొహం చూపించడం ఇందులో ఎక్కడా లేదు. కోర్టు వేసిన శిక్ష పూర్తయితే కేసు ముగుస్తుంది. వీడియో మాత్రం పెళ్లిసంబంధం చూసేవాళ్లకీ, ఉద్యోగమిచ్చేవాళ్లకీ దొరుకుతూనే ఉంటుంది. అంతకన్నా ఘోరం, పక్క సీట్లో కూర్చున్న మనిషి బండి నడపనే లేదు. తంబ్‌నెయిల్ మీద చాలాసార్లు ఆ మొహమే ఉంటుంది.

మోడరేటర్_పాత:
గ్రూపులో వాదన పెట్టుకోకండి, ముందు డిలీట్ చేయండి. అడ్మిన్‌కి అందరి ఫోన్లలోంచీ తీసేసే వీలుంది. మొహం మసకబెట్టి పెడతామంటే ఒప్పుకోవద్దు. కాలనీలో గుర్తుపట్టడానికి కారు నంబరు, గొంతు చాలు. ఖండించడానికని లింకు పంచినా చూసేవాళ్లు పెరుగుతారు. వీడియోలో ఉన్నవాళ్లు మీకు తెలిసినవాళ్లయితే యూట్యూబ్‌లో ప్రైవసీ ఫిర్యాదు వాళ్లచేతే పెట్టించండి, మొహం కనిపించే నిమిషం, సెకను రాయించండి. మామూలుగా అప్‌లోడ్ చేసినవాళ్లకి 48 గంటల గడువిచ్చి, ఆ తర్వాత పరిశీలిస్తారు.

కాలనీ_అడ్మిన్:
పోలీసులే విడుదల చేసిన వీడియో అయితే?

సెక్షన్185:
ఎవరు విడుదల చేసినా పక్క సీట్లో మనిషి మారడు కదండీ. తనిఖీ ఎక్కడ జరిగింది, ఎంతమంది దొరికారు, కోర్టు ఏం వేసింది అన్న వార్త ఉంచండి. మొహాలున్నది తీసేయండి.