సరదాకి విమానం నడిపేవాళ్లకు మిలిటరీ వాచీ: అవసరమా, మోజా?

తొలిరెక్క

అందరికీ నమస్కారమండీ. ప్రైవేటు పైలట్ లైసెన్సు కోసం నేర్చుకుంటున్నాను. సోలో (ఒంటరిగా ఎగరడం) అయిపోయింది, ఇప్పుడు క్రాస్ కంట్రీలు, అంటే ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి దారి చూసుకుంటూ ఎగరడం, మొదలయ్యాయి. ప్రతి చెక్‌పాయింటు దగ్గరా టైము రాసుకోవాలి. నా వాచీకి డయలూ వెండి రంగే, ముళ్లూ వెండి రంగే. పక్కనుంచి ఎండ పడిందంటే రెండూ కలిసిపోతాయి. మొన్న ఒక మలుపు దగ్గర టైము కనబడక మణికట్టు మూడుసార్లు అటూ ఇటూ తిప్పాను. తలెత్తి చూస్తే రెండు వందల అడుగులు కిందికి దిగిపోయి ఉన్నాను.

అందుకని సైన్యంలో వాడి తీసేసిన వాచీ ఒకటి కొందామనుకుంటున్నాను. ఇప్పటికి చూసినవి మూడు: సీడబ్ల్యూసీ జీ10, సీకో 7ఏ28 క్రోనోగ్రాఫ్ (స్టాప్‌వాచీ కలిసిన వాచీ), మారథాన్ నావిగేటర్. క్లబ్బులో ఒక పెద్దాయన "సైన్యం ఇచ్చినదే కొను, దాన్ని చూసి చేసినవాటి జోలికి పోకు" అన్నారు. ఇంకొకాయన "టాబ్లెట్ కంప్యూటర్ ఉండగా వాచీతో పనేంటి?" అన్నారు. ఇద్దరూ వేల గంటలు ఎగిరినవాళ్లే. మీ మాట చెప్పండి.

ఎదురుగాలి

తమ్ముడూ, ఆ డబ్బు పెట్టి ఇంకో రెండు గంటలు ఎగిరిరా. కోపం తెచ్చుకోకు, నేనూ ఈ మోజులో పడి లేచినవాణ్నే.

పేరున్న మిలిటరీ వాచీలు కొన్ని పుట్టింది నావిగేటర్ల (విమానంలో దారి లెక్కగట్టేవాళ్ల) కోసం. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ నావిగేటర్లు కట్టుకున్న వాచీలు 55 మిల్లీమీటర్ల వెడల్పు ఉండేవి. జాకెట్ చెయ్యి మీద నుంచి కట్టుకునేవారు. నక్షత్రాన్ని చూసి స్థానం కట్టాలంటే సెకను తేడా కూడా పనికిరాదు కాబట్టి వాటికి అంత కొలత, అంత ఖచ్చితం. నీ పని అది కాదు. నీ ముందు జీపీఎస్ ఉంది, ప్యానెల్లో గడియారం ఉంది, ట్రాన్స్‌పాండర్‌లో కూడా టైమర్ ఉండే రోజులివి.

నిబంధనల సంగతి కూడా చూడు. అమెరికాలో ఐఎఫ్ఆర్‌కి (బయటికి చూడకుండా పరికరాలు చూసి ఎగరడానికి) 91.205 నిబంధన ప్రకారం గంటలు, నిమిషాలు, సెకన్లు చూపించే గడియారం విమానానికే ఉండాలి. నీ చేతికి ఎంత గొప్ప వాచీ ఉన్నా ఆ లెక్కలోకి రాదు. మరి దేనికి?

కీ ఇచ్చేవాడు

ఎదురుగాలి గారూ, మీరు చెప్పిన నిబంధన నిజమే, కానీ అది ఒక దేశానిది, అదీ ఐఎఫ్ఆర్‌కి. యూరప్‌లో చిన్న విమానాల నిబంధనలకిచ్చిన వివరణలో, గంట నిమిషం సెకను చూపగలిగితే చేతి వాచీ చాలని ఉంది. అద్దె విమానాల్లో ప్యానెల్ గడియారం ఎలా ఉంటుందో మీకూ తెలుసు. నేను నడిపిన పాత విమానాల్లో సగం వాటిలో అది ఆగిపోయి ఉండేది, లేదా దాని చోట గుండ్రటి మూత బిగించి ఉండేది.

నా అనుభవం ఒకటి చెబుతాను. కింద రెక్క విమానం, చెరోకీ. అందులో ఇంధనం "రెండు ట్యాంకులూ" అనే అమరిక లేదు. ఎడమ, కుడి, ఆపు, అంతే. అరగంటకోసారి చేత్తో మార్చుకోవాలి. మధ్యాహ్నం ఎండకి తొడ మీది టాబ్లెట్ వేడెక్కి ఆరిపోయింది. దానితోపాటే ట్యాంకు మార్చమని గుర్తుచేసే టైమరూ పోయింది. బయట మసక, కంట్రోలర్ ఏదో అడుగుతున్నాడు, ఎడమ ట్యాంకులో ఎంతసేపు ఉన్నానో ఒక్కసారిగా గుర్తు రాలేదు. అప్పుడు చేతికున్నది ఒక డైవర్ వాచీ. బయల్దేరినప్పుడు దాని బెజెల్ (అద్దం చుట్టూ తిరిగే వలయం) మీది త్రికోణాన్ని నిమిషాల ముల్లుకి ఎదురుగా తిప్పి పెట్టాను. ఒక్క చూపు: ఇరవై ఆరు నిమిషాలు. ఇంకా నాలుగుంది. గుండె కుదుటపడింది.

దానికి సెల్లు మార్చడం, వేడెక్కడం, సిగ్నల్ పోవడం అనే టెన్షన్ లేదు. జీపీఎస్ జామింగ్ (సిగ్నల్‌ని కావాలని అడ్డుకోవడం) కూడా ఇప్పుడు కథల్లో మాట కాదు, బాల్టిక్ వైపు, తూర్పు మధ్యధరా వైపు రోజువారీ సంగతి. టైమూ, హెడ్డింగూ (విమానం ముక్కు ఉన్న దిక్కు), వేగమూ తెలిస్తే మనం ఎక్కడున్నామో కాగితం మీద కట్టొచ్చు. 90 నాట్ల వేగానికి నిమిషానికి నాటికల్ మైలున్నర, ఎనిమిది నిమిషాలకి పన్నెండు మైళ్లు. ఆ మూడింటిలో టైము పోతే మిగతా రెండూ ఉండీ లాభం లేదు.

ఇక మిలిటరీవే ఎందుకంటే, సైన్యం వాచీని అందం చూసి కొనలేదు. స్పెసిఫికేషన్ రాసి కొంది. నల్ల డయల్, తెల్ల అంకెలు, పన్నెండూ పూర్తిగా. కీ బయటికి లాగితే సెకన్ల ముల్లు ఆగాలి, రేడియో టైముతో సరిగ్గా కలుపుకోవడానికి. బ్రిటన్ 1940ల చివర్లో తెప్పించిన మార్క్ 11 వాచీ సంగతే చూడండి. లోపలి యంత్రం చుట్టూ మెత్తని ఇనుముతో ఒక గూడు కట్టారు, కాక్‌పిట్‌లోని అయస్కాంతం తగలకుండా. తొలిరెక్క గారు వెండి మీద వెండి అని బాధపడుతున్నారే, ఆ తప్పు ఏ స్పెసిఫికేషనూ ఒప్పుకోదు.

చీకటిదీపం

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి, ఒక జాగ్రత్త చెప్పకపోతే నాకు మనసొప్పదు.

మనం మెరిసే ప్రతిదాన్నీ "రేడియం" అనేస్తాం. రేడియం స్టిక్కరు, రేడియం ముల్లు. వాటిలో చాలావాటిలో రేడియం ఉండదు. కానీ 1945 నాటి బ్రిటిష్ వాచీల్లో, అదే పన్నెండు కంపెనీలు చేసి "డర్టీ డజన్" అని పేరు పడ్డవాటిలో, ఉన్నది నిజమైన రేడియమే. దాని సగం ఆయుష్షు దాదాపు 1600 ఏళ్లు. చీకట్లో మెరవట్లేదు కదా అని ధైర్యపడకండి. చచ్చిపోయింది మెరిసే పొడి, రేడియం కాదు. అద్దం తీసినా, డయల్ గీకినా ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అలాంటిది ఇంట్లో ఎప్పుడూ తెరవకండి, పిల్లలకు అందనివ్వకండి.

తరవాతొచ్చిన ట్రిటియం అంత ప్రమాదం కాదు, కానీ దానికి ఆయుష్షు తక్కువ. దాదాపు పన్నెండేళ్ల నాలుగు నెలలకి సగం అవుతుంది. డయల్ మీద గుండ్రటి గీతలో "టీ" అక్షరం ఉంటే ట్రిటియం అని అర్థం. జర్మన్ వాచీల మీదైతే ఎర్ర వలయంలో "3హెచ్". పాతికేళ్ల క్రితం నాటి ట్రిటియం వాచీ కొంటే నాలుగో వంతు వెలుగే మిగిలి ఉంటుంది. రాత్రి ఎగిరేవాళ్లు అమ్మేవాళ్లని తయారీ సంవత్సరం అడగాలి. పగటి వెలుగులో తీసిన ఫొటో చూసి ఏమీ చెప్పలేం.

ఎదురుగాలి

చీకటిదీపం గారు నా వాదనకే బలం చేకూర్చారు. పాతదైతే వెలుగు లేదు, నీరు ఆపే గాస్కెట్ లేదు, మరమ్మతుకి ఇస్తే నెలలు. పోనీ కీ ఇచ్చే మెకానికల్ కొన్నా, రోజుకి పది సెకన్లు తేడా మామూలు. టాబ్లెట్ కవర్లో అయస్కాంతాలు, హెడ్‌సెట్ స్పీకర్లలో అయస్కాంతాలు. లోపలి హెయిర్‌స్ప్రింగ్ చుట్టలు ఒకదానికొకటి అతుక్కుని వాచీ ఒక్కసారిగా ముందుకి పరిగెడుతుంది. నాది ఒకసారి గంటకి మూడు నిమిషాలు ముందు నడిచింది. హెడ్‌సెట్ సంచిలో దాన్ని పెట్టి తీసుకెళ్లిన పాపం.

కీ ఇచ్చేవాడు గారూ, మీ అనుభవంలో కాపాడింది డైవర్ వాచీ బెజెల్. సైన్యం ముద్ర కాదు.

కీ ఇచ్చేవాడు

అది ఒప్పుకుంటున్నాను. ఆ రోజు కాపాడింది బెజెలే.

మెకానికల్ మీద నేను పట్టుబట్టడం లేదు. నా పేరు చూసి అలా అనుకోవద్దు. అందుకే జీ10 సంగతి చెప్పాలి. 1980లో మొదలైంది, సెల్లుతో నడిచే క్వార్ట్జ్. వెనకాల సెల్లుకి వేరే మూత ఉంటుంది, నాణెంతో తిప్పితే వస్తుంది, వాచీ మొత్తం విప్పక్కర్లేదు. పట్టీ కడ్డీలు కేసుకే అతికించి ఉంటాయి, స్ప్రింగు కడ్డీ ఊడి వాచీ జారిపోయే భయం లేదు. అందుకే దానికి తోలు బెల్టు మామూలుగా పట్టదు, వాచీ కింద నుంచి దూర్చే నైలాన్ పట్టీయే వేయాలి. అయస్కాంతం దగ్గరికొస్తే క్వార్ట్జ్ మోటారు ఆగొచ్చు, తీసేస్తే మళ్లీ నడుస్తుంది. టైము కలుపుకోవాలి, అంతే.

దాని లోటు కూడా చెబుతాను: బెజెల్ లేదు, స్టాప్‌వాచీ లేదు. ట్యాంకు మార్చిన టైము తొడ మీది ప్యాడ్‌లో రాసుకోవాలి.

తొలిరెక్క

మరి 7ఏ28 సంగతి? హోల్డింగ్‌కి (గాల్లో ఒకే చోట చుట్లు కొడుతూ ఆగడానికి) క్రోనోగ్రాఫ్ కావాలని మా ఇన్‌స్ట్రక్టర్ అన్నారు. ఇంకో మాట, నాకు కనబడిన జీ10 వెనకాల చెక్కిన నంబరు కొత్తగా, తళతళ మెరుస్తోంది. డయలేమో పసుపెక్కిపోయింది. నమ్మొచ్చా?

నాలుగంకెలవాడు

వెనక మూత చదవడం నాకు ఇష్టమైన పని కాబట్టి నేను చెబుతాను.

బ్రిటిష్ వాచీ అయితే ముందు బాణం గుర్తు చూడండి. తరవాత నాటో స్టాక్ నంబరు. 6645తో మొదలవుతుంది, అది కాలాన్ని కొలిచే పరికరాల తరగతి. దాని పక్కన 99 అంటే బ్రిటన్, 12 అంటే జర్మనీ. నంబరుకి ముందు 6బీబీ అని ఉంటే ఎయిర్ ఫోర్స్, డబ్ల్యూ10 అయితే ఆర్మీ, 0552 అయితే నేవీ. చివర్లో వరస నంబరు, గీత, సంవత్సరం. "ఎయిర్ ఫోర్స్ పైలట్‌ది" అని అమ్ముతూ వెనక డబ్ల్యూ10 ఉందంటే వాచీ నిజమైనదే కావచ్చు, కథ మాత్రం కాదు.

మీరు చూసినదాని మీద నాకు అనుమానమే. నలభై ఏళ్లు చేతి చెమటకి అరిగిన మూత మీద అక్షరాల అంచులు మొద్దుబారాలి. గీతల లోపల మురికి నల్లగా దిగి ఉండాలి. మూత మీది చిన్న గీరలు అక్షరాల మీదుగా కూడా పోవాలి. గీరలు అక్షరం దగ్గర తెగిపోయి లోపల కొత్త లోహం కనబడితే, గీరల తరవాత చెక్కారని అర్థం. ఏటవాలు వెలుగులో ఇంకో ఫొటో అడగండి. ఇవ్వనంటే వదిలేయండి.

అలాగని ప్రతి తేడా మోసం కాదు. రేడియం డయల్ తీసేసి ట్రిటియం డయల్ వేయించింది సైన్యమే. అలాంటివాటిలో కేసు ఒక కాలానిది, డయల్ ఇంకో కాలానిది ఉంటుంది. అది కూడా వాచీ చరిత్రే.

7ఏ28 మాత్రం నాకు ప్రాణం. ముళ్లతో నడిచే క్వార్ట్జ్ క్రోనోగ్రాఫ్‌లలో మొట్టమొదటి యంత్రం అదే, 1983. మరుసటి ఏడాదే బ్రిటిష్ ఎయిర్ ఫోర్స్ తీసుకుంది. యంత్రం విప్పి బాగుచేసుకునేలా కట్టారు.

ఎదురుగాలి

ఆ చిన్న డయళ్లలో నిమిషాలు కుదుపుల్లో చదివి చూశారా ఎప్పుడైనా? హోల్డింగ్‌లో కావాల్సింది ఒక్క నిమిషం. 14,000 అడుగుల లోపు ఇన్‌బౌండ్ లెగ్ (గుర్తు వైపు తిరిగొచ్చే నేరు దారి) నిమిషం, స్టాండర్డ్ రేట్ అనే మామూలు మలుపులో పూర్తిగా చుట్టూ తిరగడానికి రెండు నిమిషాలు. దానికి మామూలు సెకన్ల ముల్లే చాలు.

నాలుగంకెలవాడు

సెకన్లకి చాలు. పొడుగు లెక్కలకి చాలదు. మీ అభ్యంతరానికి జవాబు లెమేనియా 5100లో ఉంది. జర్మన్ సైన్యం తీసుకున్న ట్యూటిమా కంపెనీ వాచీల్లో ఉన్న యంత్రం. క్రోనోగ్రాఫ్ నిమిషాల ముల్లు చిన్న డయల్లో కాదు, నడిమధ్యలోనే పెద్దదిగా తిరుగుతుంది, అరవై నిమిషాలు. ఎంత కుదిపినా చదవొచ్చు. వాచీ చేసేవాళ్లు పైలట్ మాట విన్నారంటే నమ్ముతాను. కానీ ఆ యంత్రం చేయడం మానేశారు, విడిభాగాలు దొరకడం కష్టం. నేర్చుకునేవాళ్లకి కొనమని చెప్పను.

ఎదురుగాలి

చివరికి ఒక చోటికి వస్తున్నాం. నల్ల డయల్, పెద్ద అంకెలు, ఆగే సెకన్ల ముల్లు, గట్టి పట్టీ. ఇవి కావాలంటే అదే కంపెనీ మామూలు జనానికి అమ్మే అదే మోడల్ కొనొచ్చు కదా? కొత్త గాస్కెట్లు, కొత్త వెలుగు, గ్యారంటీ. ముద్ర కోసం అదనంగా ఎందుకివ్వాలి?

కీ ఇచ్చేవాడు

ఎగరడానికైతే ఇవ్వక్కర్లేదు. ఈ ఒక్క విషయంలో క్లబ్బు పెద్దాయనతో నేను ఏకీభవించను. నా డ్రాయర్లో సైన్యం ఇచ్చిన ఇష్యూ వాచీ ఒకటి ఉంది, దాని పట్టీ మీద ఎవరిదో చేతి మడత ఇంకా అలాగే ఉంది. దాన్ని ప్రేమిస్తాను, కీ ఇస్తాను, కానీ కాక్‌పిట్‌కి తీసుకెళ్లను. తొలిరెక్క గారూ, మీరు కొనే ముందు ఎవరిదైనా అడిగి తీసుకుని ఇంజను ఆపి ఉన్న విమానంలో కూర్చోండి. చెయ్యి త్రాటిల్ మీద నుంచి తీయకుండా, మణికట్టు తిప్పకుండా టైము చదవగలరా చూడండి. సాయంత్రం ఇంకోసారి.

తొలిరెక్క

ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి. ఏటవాలు ఫొటో అడిగితే ఆ అమ్మేవాళ్లు మళ్లీ జవాబివ్వలేదు.

క్లబ్బులో ఒకరి జీ10, ఇంకొకరి మారథాన్ నావిగేటర్ అడిగి తీసుకున్నాను. ఎండలో రెండూ బాగున్నాయి, జీ10 ఇంకాస్త ముందే కంటికి అందింది. పొద్దుగూకాక పావుగంట అలాగే కూర్చున్నాను. జీ10 ముళ్లు కరిగిపోయాయి. మారథాన్‌లో చిన్న ట్రిటియం గొట్టాలు వెలుగుతూనే ఉన్నాయి. దాని బెజెల్ మీద పన్నెండు గంటల అంకెలున్నాయి, తిప్పి పెడితే యూటీసీ (పైలట్లు వాడే ప్రపంచ ప్రామాణిక టైము) కూడా కనబడుతుంది. ట్యాంకు లెక్కకి అది పనికిరాదు, కాబట్టి ప్యాడ్‌లో రాసుకోవడం నేర్చుకుంటున్నాను. కొత్తదే ఆర్డరు పెట్టాను, పెట్టె మీద ఈ ఏడాది తేదీ ఉండాలని రాసి మరీ.

ఎదురుగాలి

మంచిది తమ్ముడూ. వచ్చాక లోపలి ముంజేతి వైపు కట్టుకుని చూడు. యోక్ (విమానం నడిపే స్టీరింగ్) పట్టుకున్నప్పుడు డయల్ నీ వైపే తిరిగి ఉంటుంది.