చమురు ధర పెరిగినంత మాత్రాన కేంద్ర బ్యాంకు వడ్డీ రేటు పెంచుతుందా?

వడ్డీలెక్క (ప్రశ్న):

ద్రవ్యోల్బణం లక్ష్యాన్ని దాటిన ప్రతిసారీ, తదుపరి సమావేశంలో కేంద్ర బ్యాంకు రేటు పెంచి తీరుతుందన్న ఊహాగానాలు మొదలవుతాయి. అయితే ధరల పెరుగుదలకు మూలం చమురు సరఫరాలో వచ్చిన అంతరాయమే అయినప్పుడు, వడ్డీ పెంచినందువల్ల ఒక్క పీపా చమురైనా అదనంగా రాదు కదా అన్నది నా సందేహం. బాండ్ల మార్కెట్ మాత్రం పావు శాతం పెంపు దాదాపు ఖాయమన్నట్టు ప్రవర్తిస్తుంది, ఆర్థికవేత్తలేమో రెండు వర్గాలుగా చీలిపోతారు. ఫ్లోటింగ్ వడ్డీపై దీర్ఘకాలిక రుణం ఉన్న నాలాంటివారు స్థిర వడ్డీకి మారాలో వద్దో తేల్చుకోవడానికి ఏ సంకేతాన్ని నమ్మాలో తెలిసినవారు వివరించగలరు.

విధానవీక్షకుడు:

వడ్డీలెక్క గారూ, మీ సందేహం సబబైనదే. కేంద్ర బ్యాంకుల లోపల కూడా దీనిపై ఏకాభిప్రాయం ఉండదు. చమురు వల్ల వచ్చిన మొదటి విడత ధరల పెరుగుదలను చూసీచూడనట్టు వదిలేసి, అది జీతాలకూ ఇతర వస్తుసేవల ధరలకూ పాకుతోందని తేలినప్పుడే కదలాలన్నది పాఠ్యపుస్తకాలు చెప్పే సూత్రం. దీన్ని పక్కనపెడితే ఏమవుతుందో ఐరోపా కేంద్ర బ్యాంకు అనుభవం చూపిస్తుంది. చమురు ధర శిఖరానికి చేరిన 2008 జులైలో అది కీలక రేటును 4.25 శాతానికి పెంచింది. సెప్టెంబరులో అమెరికా పెట్టుబడి బ్యాంకు లేమాన్ బ్రదర్స్ కుప్పకూలడంతో, పెంచినదానికి రెట్టింపు, అంటే అర శాతం, అక్టోబరులో తగ్గించాల్సి వచ్చింది. 2011లోనూ ఏప్రిల్, జులై నెలల్లో పెంచి నవంబరు, డిసెంబరు నెలల్లో వెనక్కి తీసుకుంది. అప్పటికే రుణ సంక్షోభంలో ఉన్న దేశాలకు ఆ పెంపు గోరుచుట్టుపై రోకటిపోటే అయింది.

అయితే ఇదే సూత్రాన్ని నమ్ముకున్న అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ (ఫెడ్), 2021లో చాలాకాలం పాటు ధరల పెరుగుదల తాత్కాలికమేనని చెబుతూ వచ్చింది. 2022 మార్చిలో పెంపు మొదలుపెట్టేనాటికి అక్కడి ద్రవ్యోల్బణం 7 శాతాన్ని దాటిపోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయిన ఆ అనుభవం తరువాత ఏ కేంద్ర బ్యాంకు గవర్నరూ ‘తాత్కాలికం’ అన్న మాటను తేలిగ్గా వాడరని నా అభిప్రాయం. అందుచేత చమురు ధరను పట్టించుకోవడం మానేసి, ఆహార, ఇంధన ధరలను మినహాయించి లెక్కించే కీలక ద్రవ్యోల్బణాన్ని, అందులోనూ ప్రధానంగా జీతాలపై ఆధారపడే సేవల ధరలను గమనించండి. అవి కదలకపోతే పెంపు ఉండకపోవచ్చు.

బాండ్లబాట:

పై విశ్లేషణతో చాలావరకు ఏకీభవిస్తాను, కానీ మార్కెట్ చెప్పేదాన్ని ఎలా చదవాలన్నది కూడా ముఖ్యమే. ప్రస్తుత రేటు 5.00 శాతమనీ, సమావేశం తరువాతి కాలానికి ఫ్యూచర్స్ (భవిష్యత్తు తేదీకి ఇప్పుడే ధర ఖాయం చేసుకునే ఒప్పందాలు) ధరలు సూచించే రేటు 5.20 శాతమనీ అనుకుందాం. పావు శాతం పెంపులో 0.20 ఇప్పటికే ధరలో కలిసిపోయింది కనుక, పెంపునకు 80 శాతం అవకాశం ఉందని విలేకరులు రాస్తారు. నిజానికి ఆ 80లో నమ్మకం ఎంతో, నష్టభయంతో కొనుక్కున్న రక్షణ ఎంతో ఎవరూ విడదీయలేరు.

పైగా మార్కెట్ రెండు వైపులా తప్పుతుంది. 2021 నవంబరులో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ పెంచుతుందని వ్యాపారులు గట్టిగా నమ్మితే అది 0.1 శాతం వద్దే ఆగి, డిసెంబరులో పెంచింది. 2022 ఏప్రిల్ సమీక్షలో రెపో రేటును (బ్యాంకులకు తానిచ్చే అప్పుపై వడ్డీని) 4 శాతం వద్దే ఉంచిన భారతీయ రిజర్వ్ బ్యాంకు, జూన్ సమీక్ష దాకా ఆగుతుందనుకున్నవారిని విస్మయపరుస్తూ మే 4న దాన్ని 4.40 శాతానికి పెంచింది. అదే రోజు ముప్పావు శాతం పెంపు తమ పరిశీలనలో లేదన్న ఫెడ్ ఛైర్మన్ జెరోమ్ పావెల్, మే నెల ద్రవ్యోల్బణం 8.6 శాతమని జూన్ 10న వెల్లడయ్యాక, జూన్ 15న సరిగ్గా అంతే పెంచారు. ముందస్తు సంకేతాలివ్వడం కేంద్ర బ్యాంకు తన ముందరికాళ్లకు తానే బంధం వేసుకోవడమే కనుక, గణాంకాలు మారితే ఆ బంధాన్ని తెంచుకోవడానికి అది సంకోచించదు. నా మటుకు నేను గవర్నరు ప్రసంగాలకన్నా సమావేశానికి ముందు వచ్చే చివరి ద్రవ్యోల్బణ గణాంకానికే ఎక్కువ విలువ ఇస్తాను.

వడ్డీలెక్క:

ఇద్దరికీ ధన్యవాదాలు. అంటే రేటు పెరుగుతుందన్న అనుమానం బలంగా ఉంటే ముందే స్థిర వడ్డీకి మారడం మేలని అర్థం చేసుకోవచ్చా?

స్థిరరుణం:

అంత సూటిగా కాదండీ. బ్యాంకు ఈరోజు మీకిచ్చే స్థిర వడ్డీలో రాబోయే పెంపులపై మార్కెట్ అంచనా ముందే కలిసి ఉంటుంది. పెంపు జరగడం వల్ల మాత్రమే మీకు లాభం రాదు, మార్కెట్ ఊహించినదానికన్నా ఎక్కువ పెరిగితేనే వస్తుంది. ఆ ‘ఎక్కువ’ను ముందుగా పసిగట్టడం కేంద్ర బ్యాంకుకే సాధ్యం కాలేదు: 2022 చివరికి రేటు ఒక శాతం లోపే ఉంటుందని 2021 డిసెంబరులో ఫెడ్ సభ్యుల మధ్యస్థ అంచనా కాగా, చివరికది 4.25–4.50 శాతానికి చేరింది. కాబట్టి ఊహను పక్కనపెట్టి, రేటు మరో రెండు శాతం పెరిగినా వాయిదా కట్టగలరా అన్నది లెక్క వేసుకోండి. కట్టలేనట్లయితే, కాస్త ఎక్కువ చెల్లించైనా స్థిర వడ్డీని ఎంచుకోవడం సమంజసం. కట్టగలిగితే తొందరపడనక్కరలేదు. మార్పిడి రుసుముతో పాటు మీ ఒప్పందంలో వడ్డీని సవరించే తేదీని కూడా చూసుకోండి, ఎందుకంటే ఆ సవరణ ఏడాదికోసారే అయితే వచ్చే సమావేశంలో పెంచినా అది మీ వాయిదాను తాకడానికి ఇంకా చాలా నెలల వ్యవధి ఉండవచ్చు.