తోట దారి మినీ ట్రాక్టర్‌తో చదును చేయడం ఎలా?

మైలవరం మామిడి:
మాది మైలవరం దగ్గర కొండవాలు తోట. కింద మామిడి, పైన పాత టేకు, ఆ పైన అడవి. నేనుండేది విజయవాడలో, వారానికోసారి వెళ్తాను. చెట్ల మధ్య దారి ఎనిమిది అడుగుల వెడల్పు. పోయిన వానలకి చక్రాల జాడలు రెండూ కాలవలైపోయాయి, ఒకచోట మోకాలి లోతు. నున్న మార్కెట్‌కి కాయలు వేసేటప్పుడు ట్రాలీ ఒరిగి పది ట్రేల రసాలు నేలపాలు. 24 హెచ్‌పీ ట్రాక్టరు, గొర్రు, రోటావేటర్ ఉన్నాయి. రోటావేటర్ కొడితే దారి అద్దంలా వచ్చింది, ఒక్క వానకి మళ్లీ బురదే. జేసీబీ పెట్టమంటున్నారు కానీ టేకు వేళ్లు తెగుతాయని టెన్షన్.

గొర్రు గురువు:
దారి మీద రోటావేటర్ ఏంటండీ బాబూ! మట్టిని పిండి చేసేస్తే ఇక గట్టిదనం ఎక్కడిది. మధ్యలో మిగిలిన దిబ్బ మీద గొర్రు రెండు మూడు అంగుళాలు దిగేలా తోలి, లేచిన మట్టిని బ్లేడుతో జాడల్లోకి లాగి, ట్రాలీ లేని ఖాళీ ట్రాక్టరు టైర్లతో తొక్కించండి. నేను ఆటోనగర్‌లో బాక్స్ బ్లేడు (మట్టి కోసి సర్దే పెట్టె లాంటి బ్లేడు) చేయించుకున్నాను. టాప్ లింక్ (ట్రాక్టరు వెనక బ్లేడుని పైనుంచి పట్టే రాడ్డు) పొట్టి చేస్తే ముందు అంచు దిగి కోస్తుంది, పొడవు చేస్తే వెనక అంచు మీద నడిచి నున్నగా సర్దుతుంది. అంతా పదును మీద చేయాలి: పిడికిట్లో నొక్కితే ఉండ కట్టాలి, వేలితో తడితే విడిపోవాలి. వేళ్లు కనబడిన చోట మాత్రం గొర్రు ఎత్తేసి, పైన పల్చగా గ్రావెల్ పోయండి.

ఎర్రనేల:
చదును, చదును అంటున్నారు గానీ బల్లపరుపుగా చేస్తే నీళ్లు దారి మీదే పారతాయి, మళ్లీ కాలవలే. నడిమి రెండు మూడు అంగుళాలు ఎత్తు ఉండాలి. కుడి లిఫ్ట్ రాడ్ (బ్లేడుని కుడి పక్క ఎత్తి దించే రాడ్డు) తిప్పి బ్లేడు ఓ పక్కకి వంచి, వెళ్లేటప్పుడు ఒక సగం, వచ్చేటప్పుడు ఇంకో సగం లాగితే అదే వస్తుంది. వాలు ఎక్కువున్న చోట దారికి అడ్డంగా, కాస్త ఏటవాలుగా చిన్న కట్టలు వేసి నీళ్లు పక్కకి తప్పించండి. నిరుడు నేనివి బద్ధకించి వదిలేశాను, వేయించిన గ్రావెల్ మొత్తం పక్కవాళ్ల చేలో తేలింది.

పాత డ్రైవరు:
తాటిమొద్దు లాగించి సర్దేవాళ్లకి ఒక మాట. గొలుసు కింద డ్రాబార్‌కే (ట్రాలీ తగిలించే కమ్మీకే) కట్టండి. టాప్ లింక్ దగ్గర కట్టారంటే మొద్దు వేరుకి తగులుకున్నప్పుడు ముందు చక్రాలు గాల్లోకి లేస్తాయి, బండి వెనక్కి తిరగబడుతుంది. కళ్లారా చూశాను. అన్నట్టు, పైన ఉన్నది రిజర్వ్ ఫారెస్ట్ అయితే అనుమతి లేకుండా బ్లేడు దించకండి. కేసు అవుతుంది.

మైలవరం మామిడి:
ఈ ఆదివారం వెళ్లి చూశానన్నా. ఆ మోకాలి లోతు గుంట ఫారెస్ట్ హద్దు రాయికి నాలుగడుగులు అవతలే ఉంది! దాని జోలికి పోను, ముందు రేంజ్ ఆఫీసులో అడుగుతాను. ఈలోగా రాయికి ఇవతల కట్టలు వేసి పైనుంచి వచ్చే నీళ్లని పాత కుంటలోకి తిప్పుతాను. రోటావేటర్ షెడ్డులో పెట్టేశా.