బెర్లిన్‌లో గది: చూడకుండా డబ్బు పంపొచ్చా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర లంక ఊరండి. మావాడు చదువుకి బెర్లిన్ వెళ్తున్నాడు. ఫొటోలు చూపించి రెండు నెలల అద్దె ముందే పంపమంటున్నాడొకాయన. కొబ్బరి దింపు డబ్బులు చేతిలో ఉన్నాయి. పంపెయ్యనా?

జవాబు: వద్దు బాబాయ్‌గారూ! నాదీ కోనసీమే, అమలాపురం. అలాగే కట్టేసి, సూట్‌కేసుతో వెళ్లి బెల్లు కొడితే తలుపు తీసినావిడకి నేనెవరో తెలీదు. ఆ రాత్రి స్టేషన్ బెంచీ మీదే.

ఇంట్లో దిగిన 14 రోజుల్లో చిరునామా నమోదు, అంటే ఆన్మెల్డుంగ్, చేయించాలి. దానికి ఓనరు సంతకం పెట్టిన కాగితం తప్పనిసరి. అది ఇవ్వనంటే ఎంత చవకైనా ఆ గది వద్దు. డిపాజిట్ మాత్రం, హీటింగు, నీళ్లు లాంటి ఖర్చులు కలపని నెల అద్దెకి మూడు రెట్లు దాటకూడదు. మూడు వాయిదాల్లో కట్టొచ్చు, చట్టమే ఉంది.



ప్రశ్న అడిగినవారు: ఓనరు కాగితం ఇస్తారా అని మావాడు అడిగాడమ్మా. ఆయన ఫోను పెట్టేశాడంట.