షెరి సాంబాను "గురువు లేని చిత్రకారుడు" అనొచ్చా?

నీలిరంగు:
కాంగో రాజధాని కిన్షాసాకు చెందిన చిత్రకారుడు షెరి సాంబా ఏ ఆర్ట్ కాలేజీలోనూ చదవలేదు. తనంతట తానే నేర్చుకున్నాడు. అందుకే ఆయన బొమ్మల్లో అసలైన కాంగో కనిపిస్తుందని నా నమ్మకం. చదువు మీదపడితే ఆ రుచి పోయేది. మీరేమంటారు?

కుంచె_కబుర్లు:
నేను ఒప్పుకోనండీ. 1989లో పారిస్‌లో జరిగిన 'మజిసియాఁ ద లా టెర్' (భూమి మాంత్రికులు) అనే కళా ప్రదర్శనతోనే సాంబా పేరు ప్రపంచానికి బాగా తెలిసింది. ఆఫ్రికా నుంచి కాలేజీ గడప తొక్కనివాళ్లకే అందులో పెద్దపీట వేశారని విమర్శలూ వచ్చాయి. కిన్షాసాలో ఆర్ట్ అకాడమీ ఉంది. అందులో చదివినవాళ్లు కాంగో వాళ్లు కాకుండా పోతారా? యూరప్ చిత్రకారుడికి చదువు ఘనత, ఆఫ్రికా చిత్రకారుడికి మాత్రం లోపమా? నాకిది అన్యాయంగా తోస్తుంది.

నీలిరంగు:
సరే, కానీ బొమ్మ మీద ఫ్రెంచిలో, అక్కడి లింగాలా భాషలో వాక్యాలు రాసే పద్ధతి అకాడమీలో వచ్చేది కాదుగా? దారినపోయేవాళ్లు ఆగి చదవాలని రాశాడాయన. అది వీధి తెలివి.

కుంచె_కబుర్లు:
వీధి తెలివే, నిజం. అయితే అది ఊరికే రాలేదు. 1972లో పల్లె వదిలి కిన్షాసా చేరి, సైన్‌బోర్డులు రాసేవాళ్ల దగ్గర పని నేర్చుకున్నాడు. 1975లో సొంత స్టూడియో పెట్టాడు. పత్రికకు కామిక్స్ గీశాడు. దూరం నుంచి కనపడే అక్షరం, గోడ మీద నిలిచే రంగు, జనం ఆగే వాక్యం, ఇవన్నీ అక్కడ పట్టుబడిన విద్యలే. గురువు లేడంటే ఆ సైన్‌బోర్డు పనివాళ్లను లెక్కలోంచి తీసేసినట్టే.

ఇక అస్తిత్వం సంగతి. సాంబా 2003లో వేసిన 'జెమ్ లా కూలర్' (నాకు రంగంటే ఇష్టం) చిత్రం చూడండి. తన ముఖాన్నే పొడవాటి రిబ్బన్‌లా మెలితిప్పి గీశాడు. పళ్ల మధ్య కుంచె, దాన్నించి కారే రంగు, వెనక నీలాకాశం. "అసలైన ఆఫ్రికా" కోసం వెతికేవాళ్లకు అందులో గుడిసె లేదు, ఏనుగు లేదు. 1997లో వేసిన మరో చిత్రంలో పికాసో పక్కన తనే కూర్చున్నాడు. ఎదురుగా బల్ల మీద ఆఫ్రికా మాస్కులు. ఆ మాస్కుల నుంచి పికాసో ఎంత తీసుకున్నాడో తెలిసినవాళ్లకు ఆ ప్రశ్న సూటిగా తగులుతుంది. ఆ చిత్రం పేరే 'మన కళకు భవిష్యత్తేమిటి?'. అమాయకుడు అడిగే ప్రశ్న కాదిది.

నీలిరంగు:
అమాయకుడని నేననలేదండీ. అయినా మ్యూజియంలో ఆయన బొమ్మ పక్కన పరిచయం మీరైతే ఎలా రాస్తారు?

కుంచె_కబుర్లు:
"కిన్షాసా సైన్‌బోర్డు దుకాణాల్లో పని నేర్చిన చిత్రకారుడు" అని రాస్తాను.