12 కిలోమీటర్లు దాటగానే బెలూన్ జీపీఎస్ ఎందుకు ఆగిపోతోంది?

హామ్ రేడియోలో (లైసెన్స్ తీసుకుని సరదాకి నడిపే రేడియో) అనుభవం ఉన్నవాళ్లు కాస్త చెప్పండి. మేం టెక్సాస్‌లో ఉంటాం. నేనూ మా అబ్బాయీ టెక్నీషియన్ లైసెన్స్ (ఇక్కడ హామ్ రేడియోకి మొదటి మెట్టు) తీసుకుని, పోయిన శనివారం విచిటా ఫాల్స్ దగ్గర 600 గ్రాముల లేటెక్స్ బెలూన్ వదిలాం. థర్మాకోల్ డబ్బాలో ఏపీఆర్ఎస్ ట్రాకర్ (జీపీఎస్ చెప్పే చోటు, ఎత్తులను రేడియోలో చిన్న డేటా ప్యాకెట్లుగా పంపేది), 144.390 మెగాహెర్ట్జ్, నిమిషానికో ప్యాకెట్.

నలభై నిమిషాలు బ్రహ్మాండంగా వచ్చింది. తర్వాత ప్యాకెట్లు వస్తున్నాయి గానీ, ఎత్తు మాత్రం 11,900 మీటర్ల దగ్గరే బిగుసుకుపోయింది. గంటా పావు కదల్లేదు! కారులో మావాడి టెన్షన్ చూడాలి. బెలూన్ పగిలి, డబ్బా మళ్లీ 12 కిలోమీటర్ల లోపలికి దిగాక అంకెలు కదిలాయి. చివరికి ఒక పత్తి చేలో దొరికింది, ప్యారాచూట్ మొక్కలకు చుట్టుకుని.

ట్రాకర్‌లోని యూబ్లాక్స్ జీపీఎస్ మాడ్యూల్ మామూలు మోడ్‌లో 12,000 మీటర్లు దాటితే పనిచేయదని, ఎయిర్‌బోర్న్ (గాల్లో ఎగిరేవాటి) మోడ్ పెట్టాలని తెలుసు. ఆన్ చేయగానే ఆ కమాండ్ వెళ్లేలా ప్రోగ్రామ్ రాశాను. ఇంట్లో టేబుల్ మీద జవాబు సరిగ్గానే వచ్చింది. నా అనుమానం, పైన చలికి వోల్టేజ్ పడిపోయి మాడ్యూల్ రీసెట్ అయిందని. డబ్బులు మిగులుతాయని ఆల్కలైన్ సెల్స్ వేశాను, తిట్టకండి.

లిథియం సెల్స్‌కి మారితే చాలా? లేక కమాండ్‌ని ప్రతి ప్యాకెట్‌కీ ముందు మళ్లీ పంపాలా? అలా పంపితే ఫిక్స్ (ఉపగ్రహాలతో దొరికిన లొకేషన్) పోతుందా? ఇంట్లో ఫ్రీజర్ మైనస్ 18 దాటదు. డ్రై ఐస్‌లో పెట్టి పరీక్షించినవాళ్లు ఉంటే ఎలా చేశారో చెప్పండి.